యూయూఐడీ, లేబుల్ ఆధారంగా డిస్కు పార్టిషన్‌ను కనుక్కోవడం ఎలా: లినక్స్ టెర్మినల్ మార్గదర్శి

లినక్స్ కెర్నల్ ఒక డిస్కుకు పెట్టే పేరు ఆ డిస్కు సొంత పేరు కాదు. ఆ బూట్‌లో దానికి దక్కిన వరుస మాత్రమే. సాటా, యూఎస్‌బీ డిస్కులకు అవి కంటబడిన క్రమంలో ఎస్‌డీఏ, ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అని పేర్లు పడతాయి కనుక, ఈరోజు /డెవ్/ఎస్‌డీబీ1గా ఉన్న బ్యాకప్ పార్టిషన్, ఇంకో యూఎస్‌బీ డిస్కు తగిలించి ఉండగా యంత్రాన్ని మళ్లీ బూట్ చేస్తే /డెవ్/ఎస్‌డీసీ1 కావచ్చు. ఎన్‌వీఎమ్‌ఈ డిస్కులు ఒకటికి మించి ఉన్న యంత్రాల్లో కూడా వాటి పేర్లలోని 0, 1 అంకెలు తారుమారు కావచ్చు. పేరు మారినందువల్ల పార్టిషన్ మౌంట్ కాకుండా (ఒక డైరెక్టరీకి జతపడకుండా) ఆగిపోతే నష్టం చిన్నదే. కానీ ఆ పాత పేరు ఇప్పుడు వేరే డిస్కుకు చేరి, దాని మీద ఫార్మాట్ కమాండ్ నడిచిందంటే, పోయిన డేటాను రాబట్టడం చాలాసార్లు కుదరదు. కాబట్టి కాన్ఫిగరేషన్ ఫైళ్లలోనూ స్క్రిప్టుల్లోనూ కెర్నల్ పేరు రాయకుండా, డిస్కు మీదే నమోదై ఉండే గుర్తింపు సంఖ్యను (యూయూఐడీ) గానీ లేబుల్‌ను గానీ రాసి, దాని ద్వారా ఆ సమయానికి సరైన డివైస్ ఏదో కనుక్కోవడం మంచిది. ఆ పనిని టెర్మినల్ నుంచి ఎలా చేయాలో ఇక్కడ అంచెలంచెలుగా చూద్దాం.

ఒక సూచన. ఈ మార్గదర్శిలో కమాండ్లను తెలుగు లిపిలో, పలికే తీరులో రాశాను. టెర్మినల్‌లో వాటిని రోమన్ చిన్న అక్షరాలతోనే టైపు చేయాలి. ఎక్కడ పెద్ద అక్షరం అవసరమో అక్కడ ఆ మాట విడిగా చెప్పాను. పలుకుబడిని బట్టి అక్షరాలు ఊహించలేని చోట వాటిని ఒక్కొక్కటిగా ఇచ్చాను. ఉదాహరణగా వాడిన యూయూఐడీలో అంకెలు మాత్రమే ఉన్నా, మీ డిస్కు మీద ఉండేదానిలో అంకెలతో పాటు ఏ నుంచి ఎఫ్ వరకు ఉన్న అక్షరాలు కూడా కనిపిస్తాయి.

ముందు తేల్చుకోవలసింది: మీరు వెతుకుతున్నది దేనిని?

చాలామంది నేరుగా కమాండ్ల దగ్గరికి వెళ్లిపోతారు. కానీ ఈ వ్యవహారంలో తలెత్తే చిక్కులు ఎక్కువగా కమాండ్ తెలియక రావు. ఏ గుర్తింపు ఏ పొరకు చెందుతుందో తెలియక వస్తాయి. ఒకే డిస్కు ముక్కకు మూడు పొరల్లో మూడు రకాల గుర్తింపులు ఉంటాయి. పుస్తకం లోపలి పేజీ మీద ముద్రించిన సంఖ్య ఒకటి, ఆ పుస్తకం పెట్టిన అరకు అంటించిన సంఖ్య ఇంకొకటి, ఆ బీరువా మీద తయారీదారు చెక్కిన సంఖ్య మరొకటి అనుకుంటే ఈ తేడా తేలికగా పట్టుబడుతుంది.

మొదటిది ఫైల్‌సిస్టమ్ పొర. పార్టిషన్‌ను ఫార్మాట్ చేసినప్పుడు ఫార్మాట్ కమాండ్ ఒక యూయూఐడీని సృష్టించి, ఫైల్‌సిస్టమ్ తన వివరాలు ఉంచుకునే సూపర్‌బ్లాక్‌లో రాస్తుంది. ఈఎక్స్‌టీ4లో ఈ సూపర్‌బ్లాక్ పార్టిషన్ మొదలైన చోటి నుంచి 1024 బైట్ల దూరంలో ఉంటుంది. అసలైన యూయూఐడీ 128 బిట్ల సంఖ్య. దానిని 32 హెక్సాడెసిమల్ అంకెలుగా, నడుమ నాలుగు హైఫన్లతో 8, 4, 4, 4, 12 చొప్పున విడదీసి, మొత్తం 36 గుర్తులుగా రాస్తారు. మీరు ఇచ్చుకునే లేబుల్ కూడా ఈ సూపర్‌బ్లాక్‌లోనే ఉంటుంది. లేబుల్ పొడవుకు హద్దు ఉంది: ఈఎక్స్‌టీ4లో 16 బైట్లు, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లో 12 అక్షరాలు, ఫ్యాట్‌లో 11 అక్షరాలు. ఫ్యాట్, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లలో నిజానికి యూయూఐడీ అనేదే లేదు. ఫ్యాట్‌లో 32 బిట్ల వాల్యూమ్ సీరియల్ నంబరును 3814-2705 లాగా, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో 64 బిట్ల సంఖ్యను హైఫన్ లేకుండా 16 అంకెలుగా చూపించి, లినక్స్ పరికరాలు వాటినే యూయూఐడీ స్థానంలో వాడుకుంటాయి. కాబట్టి ఫ్యాట్‌తో ఫార్మాట్ అయ్యే ఈఎఫ్‌ఐ (బూట్) పార్టిషన్‌కు ఇంత పొట్టి సంఖ్య కనిపించిందేమిటని కంగారు పడనక్కరలేదు.

రెండవది పార్టిషన్ పట్టిక పొర. జీపీటీ అనే కొత్త తరహా పట్టికలో ప్రతి పార్టిషన్ నమోదుకు దానికంటూ ఒక 128 బిట్ల గుర్తింపు ఉంటుంది. దానిని పార్ట్‌యూయూఐడీ అంటారు. అదే నమోదులో పార్టిషన్‌కు పేరు రాసుకునే చోటు కూడా ఉంది. దానిని పార్ట్‌లేబుల్ అంటారు. పాత ఎంబీఆర్ పట్టికలో ఇవి రెండూ లేవు. అందులో డిస్కు మొత్తానికి ఉన్న 32 బిట్ల సంతకానికి హైఫన్ పెట్టి, రెండంకెల పార్టిషన్ నంబరును జోడించి, 40718263-01 లాంటి రూపాన్ని పార్ట్‌యూయూఐడీగా వాడుకుంటారు. ఎంబీఆర్ డిస్కుకు పార్ట్‌లేబుల్ కోసం వెతకడం వృథా ప్రయాస.

మూడవది హార్డ్‌వేర్ పొర. డిస్కు మోడల్ పేరు, సీరియల్ నంబరు ఈ పొరకు చెందుతాయి. ఫార్మాట్ చేసినా, పార్టిషన్లన్నీ చెరిపేసినా ఇవి మారవు. కానీ డిస్కును యూఎస్‌బీ పెట్టెలోకి మారిస్తే, ఆ పెట్టెలోని వంతెన చిప్ కొన్నిసార్లు డిస్కు సీరియల్ నంబరుకు బదులుగా తన నంబరునే చెబుతుందన్న సంగతి గుర్తుంచుకోవాలి.

ఈ మూడింటిలో ఏది దేనిని తట్టుకుంటుందో తెలిస్తే ఎంపిక సులువవుతుంది. పార్టిషన్‌ను మళ్లీ ఫార్మాట్ చేస్తే యూయూఐడీ కొత్తది వస్తుంది, పార్ట్‌యూయూఐడీ పాతదే ఉంటుంది. పార్టిషన్‌ను పట్టికలోంచి తొలగించి, సరిగ్గా అదే చోట మొదలయ్యేట్టు మళ్లీ సృష్టిస్తే దీనికి తలకిందులుగా జరుగుతుంది: లోపలి ఫైల్‌సిస్టమ్ చెక్కుచెదరలేదు కనుక యూయూఐడీ అదే ఉంటుంది, పట్టికలోని నమోదు కొత్తది కనుక పార్ట్‌యూయూఐడీ మారిపోతుంది. ఒక్క పార్టిషన్‌ను, బైట్లను ఉన్నవున్నట్టు నకలు తీసే డీడీ కమాండ్‌తో మరో పార్టిషన్‌లోకి నకలు తీస్తే యూయూఐడీ, లేబుల్ రెండూ నకలులోకి వెళతాయి గానీ, పార్ట్‌యూయూఐడీ ఆ రెండో పార్టిషన్‌దే మిగులుతుంది. డిస్కు మొత్తాన్ని నకలు తీస్తే మాత్రం అన్నీ వెళతాయి, హార్డ్‌వేర్ సీరియల్ నంబరు తప్ప. డేటాను వెతుకుతున్నారా, అది కూర్చున్న చోటును వెతుకుతున్నారా, ఆ పరికరాన్నే వెతుకుతున్నారా అన్నది ముందే నిర్ణయించుకోండి. రోజువారీ మౌంట్ పనులకు యూయూఐడీ చాలు. ఎప్పటికప్పుడు మళ్లీ ఫార్మాట్ అయ్యే తాత్కాలిక పార్టిషన్‌కు పార్ట్‌యూయూఐడీ మేలు. డిస్కును పూర్తిగా తుడిచే పనికి సీరియల్ నంబరును మించిన ఆధారం లేదు.

మొదటి అంచె: ఉన్నవన్నీ ఒకసారి చూడండి

టెర్మినల్ తెరిచి ఎల్‌ఎస్‌బ్లాక్ కమాండ్‌ను నడపండి. దాని అక్షరాలు ఎల్, ఎస్, బీ, ఎల్, కే. దాని పక్కన హైఫన్ ఎఫ్ ఇస్తే ప్రతి పార్టిషన్‌కు ఫైల్‌సిస్టమ్ రకం, లేబుల్, యూయూఐడీ, మౌంట్ అయిన చోటు చెట్టు ఆకారంలో కనిపిస్తాయి:

ఎల్‌ఎస్‌బ్లాక్ -ఎఫ్

ఈ కమాండ్‌కు రూట్ (నిర్వాహకుడి) అధికారం అక్కర లేదు, ఎందుకంటే ఇది డిస్కును స్వయంగా చదవదు. కెర్నల్ ఇచ్చే సిస్‌ఎఫ్‌ఎస్ నుంచీ, డివైస్‌లను గమనిస్తూ ఉండే యూడెవ్ సేవ ఇప్పటికే సేకరించి పెట్టుకున్న సమాచారం నుంచీ తెచ్చి చూపిస్తుంది. అయితే హైఫన్ ఎఫ్ పార్టిషన్ పట్టిక పొరను చూపించదు. రెండు పొరలూ ఒకేచోట కావాలంటే హైఫన్ ఓ ఎంపిక ఇచ్చి, కావలసిన నిలువు వరుసల పేర్లను మధ్యలో ఖాళీ లేకుండా కామాలతో కలిపి రాయాలి:

ఎల్‌ఎస్‌బ్లాక్ -ఓ నేమ్,సైజ్,ఎఫ్‌ఎస్‌టైప్,లేబుల్,యూయూఐడీ,పార్ట్‌లేబుల్,పార్ట్‌యూయూఐడీ,మోడల్,సీరియల్

ఈ ఒక్క వరుసను ఎక్కడైనా రాసిపెట్టుకోవడం నా దృష్టిలో మంచి అలవాటు. పరిమాణం, మోడల్, సీరియల్ నంబరు పక్కపక్కనే కనిపిస్తాయి కనుక, ఏది లోపలి డిస్కో, ఏది ఇప్పుడే తగిలించిన యూఎస్‌బీ డిస్కో కంటితో పోల్చుకోవచ్చు. టెర్మినల్ వెడల్పు చాలక వరుసలు విరిగిపోతుంటే సైజ్, మోడల్ వదిలేయండి.

రెండవ అంచె: గుర్తింపు తెలిస్తే డివైస్‌ను కనుక్కోండి

ఈ పనికే పుట్టిన కమాండ్ ఫైండ్‌ఎఫ్‌ఎస్. యూటిల్-లినక్స్ ప్యాకేజీలో భాగం కావడంతో దాదాపు ప్రతి లినక్స్ పంపిణీలోనూ ఇది ముందే ఉంటుంది. ఒక టాగ్, సమాన గుర్తు, దాని విలువ: దీనికి ఇవ్వవలసింది ఇంతే.

ఫైండ్‌ఎఫ్‌ఎస్ యూయూఐడీ=61720358-9134-4705-8926-304517829063

జవాబుగా /డెవ్/ఎస్‌డీసీ1 లాంటి ఒక్క వరుస వస్తుంది, మరేమీ రాదు. యూయూఐడీ స్థానంలో లేబుల్, పార్ట్‌యూయూఐడీ, పార్ట్‌లేబుల్ టాగ్‌లను కూడా ఇవ్వవచ్చు. ఈ నాలుగు టాగ్‌ల పేర్లనూ రోమన్ పెద్ద అక్షరాల్లోనే రాయాలి, సమాన గుర్తుకు అటూ ఇటూ ఖాళీ వదలకూడదు. లేబుల్‌లో ఖాళీ ఉంటే టాగ్‌నూ విలువనూ కలిపి మొత్తాన్ని కొటేషన్ గుర్తుల్లో పెట్టాలి. విలువను అక్షరాల వరుసగానే పోల్చుతారు కాబట్టి పెద్ద, చిన్న అక్షరాల తేడా కూడా లెక్కలోకి వస్తుంది. మామూలు యూయూఐడీని చిన్న అక్షరాల్లో, ఫ్యాట్, ఎన్‌టీఎఫ్‌ఎస్ సంఖ్యలను పెద్ద అక్షరాల్లో రాయడం పద్ధతి. చేత్తో టైపు చేయడం కంటే ఎల్‌ఎస్‌బ్లాక్ చూపినదాన్ని కాపీ చేసుకోవడమే క్షేమం.

ఫైండ్‌ఎఫ్‌ఎస్ ముగిసేటప్పుడు ఇచ్చే నిష్క్రమణ కోడ్‌ను కూడా గమనించండి. దొరికితే 0, దొరకకపోతే 1, వాడిన తీరే తప్పయితే 2. స్క్రిప్ట్ రాసేవారికి ఈ తేడా చాలా ముఖ్యం. దాని సంగతి కొంచెం తర్వాత వస్తుంది.

కమాండ్ దొరకలేదని షెల్ చెబితే అది లేదని వెంటనే అనుకోవద్దు. ఫైండ్‌ఎఫ్‌ఎస్ సాధారణంగా ఎస్‌బిన్ డైరెక్టరీలో ఉంటుంది, కొన్ని పంపిణీల్లో మామూలు వినియోగదారుడి పాత్‌లో ఆ డైరెక్టరీ ఉండదు. పూర్తి పాత్ ఇచ్చి గానీ, ముందు సుడో (రూట్ అధికారంతో నడిపించే కమాండ్) పెట్టి గానీ ప్రయత్నించండి.

మూడవ అంచె: డివైస్ తెలిస్తే గుర్తింపును కనుక్కోండి

ఎదురు దిశలో, అంటే డివైస్ పేరు చేతిలో ఉండి దాని గుర్తింపు కావలసి వచ్చినప్పుడు, బ్లాక్‌ఐడీ అనుకూలం. దీని అక్షరాలు బీ, ఎల్, కే, ఐ, డీ. దీనిని తప్పనిసరిగా సుడోతో నడపండి:

సుడో బ్లాక్‌ఐడీ /డెవ్/ఎస్‌డీసీ1

రూట్ అధికారం లేకుండా నడిపితే ఇది డిస్కును తెరిచి చదవలేదు. అంతకుముందెప్పుడో భద్రపరిచిన సమాచారాన్ని సరిచూడకుండా చూపించవచ్చు, లేదా ఏమీ చూపించకుండా ఊరుకోవచ్చు. ఇప్పుడే ఫార్మాట్ చేసిన డిస్కుకు పాత యూయూఐడీ కనిపించడానికి ఇదొక కారణం. దాచిన సమాచారం మీద అనుమానం ఉంటే హైఫన్ పీ ఎంపికను జోడించండి. అప్పుడు అది దాచిన సమాచారాన్ని పూర్తిగా పక్కన పెట్టి, డిస్కు మీది బైట్లనే చదివి జవాబిస్తుంది.

ఒక్క యూయూఐడీ మాత్రమే, అలంకారాలేమీ లేకుండా కావాలంటే హైఫన్ ఎస్ తర్వాత పెద్ద అక్షరాల్లో యూయూఐడీ అనీ, హైఫన్ ఓ తర్వాత చిన్న అక్షరాల్లో వేల్యూ అనీ ఇవ్వాలి:

సుడో బ్లాక్‌ఐడీ -ఎస్ యూయూఐడీ -ఓ వేల్యూ /డెవ్/ఎస్‌డీసీ1

బ్లాక్‌ఐడీకి పెద్ద అక్షరం యూ ఎంపికతో యూయూఐడీనీ, పెద్ద అక్షరం ఎల్ ఎంపికతో లేబుల్‌నూ ఇస్తే అది కూడా ఫైండ్‌ఎఫ్‌ఎస్ మాదిరిగానే డివైస్ పేరు చెబుతుంది. రెండింటి వెనుకా పని చేసేది ఒకే లైబ్రరీ కనుక జవాబులు వేరుగా రావు. దొరకనప్పుడు మాత్రం బ్లాక్‌ఐడీ 1కి బదులు 2ను నిష్క్రమణ కోడ్‌గా ఇస్తుంది.

కమాండ్ లేకుండానే: సింబాలిక్ లింకులు

ఫైండ్‌ఎఫ్‌ఎస్ తన జవాబును ఎక్కడి నుంచి తెస్తుందో తెలుసుకుంటే అది తప్పు చెప్పే సందర్భాలు కూడా అర్థమవుతాయి. డిస్కు తగిలించిన ప్రతిసారీ యూడెవ్ దాని గుర్తింపులను చదివి, /డెవ్/డిస్క్ కింద ఉన్న డైరెక్టరీల్లో సింబాలిక్ లింకులను (వేరే ఫైల్‌కు దారి చూపే పేర్లను) సృష్టిస్తుంది. బై-యూయూఐడీ, బై-లేబుల్, బై-పార్ట్‌యూయూఐడీ, బై-పార్ట్‌లేబుల్, బై-ఐడీ, బై-పాత్ అనేవి వాటిలో ముఖ్యమైనవి. లైబ్రరీ మామూలుగా ముందు ఈ లింకులనే చూస్తుంది, అక్కడ దొరకకపోతేనే డివైస్‌లన్నిటినీ వెతుకుతుంది. ఆ వెతుకులాటకు డిస్కును చదివే అధికారం కావాలి గనుకనే, ఒకే ప్రశ్నకు సుడో లేకుండా దొరకని జవాబు సుడోతో దొరుకుతూ ఉంటుంది.

ఈ లింకులను మీరే చూడవచ్చు. ఎల్‌ఎస్ కమాండ్‌కు హైఫన్ ఎల్ ఇచ్చి /డెవ్/డిస్క్/బై-యూయూఐడీ డైరెక్టరీని తెరిస్తే ఏ సంఖ్య ఏ డివైస్‌కు దారి తీస్తుందో బాణం గుర్తుతో కనిపిస్తుంది. ఒక్క లింకు చివర ఏముందో తెలియాలంటే రీడ్‌లింక్ కమాండ్‌కు హైఫన్ ఎఫ్‌తో ఆ లింకు పాత్‌ను ఇవ్వండి. లేబుల్‌లో ఖాళీ ఉంటే లింకు పేరులో దాని స్థానంలో వెనుకవాలు గీత, ఎక్స్ అక్షరం, 20 అనే నాలుగు గుర్తుల వరుస కనిపిస్తుంది. ఇలాంటి తలనొప్పి లేకుండా ఉండాలంటే లేబుల్‌లో ఖాళీలకు తావివ్వకపోవడమే మేలు.

సీరియల్ నంబరుతో వెతకడానికి ఫైండ్‌ఎఫ్‌ఎస్‌ను నమ్ముకోవద్దు. ఆ పని బై-ఐడీ డైరెక్టరీది. అక్కడి పేర్లలో మోడల్, సీరియల్ నంబరు కలిసి ఉంటాయి, పార్టిషన్ అయితే చివర పార్ట్1, పార్ట్2 అని కూడా ఉంటుంది. బై-పాత్ అనేది డిస్కును గాక అది తగిలిన పోర్టును సూచిస్తుంది. కేబుల్ మారిస్తే అదీ మారుతుంది.

నాలుగవ అంచె: ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో రాయడం

కనుక్కున్న గుర్తింపును ఎక్కువమంది వాడేది, ఏ పార్టిషన్‌ను ఎక్కడ మౌంట్ చేయాలో చెప్పే /ఈటీసీ/ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్‌లోనే. మార్చే ముందు ఆ ఫైల్‌కు ఒక నకలు తీసి పెట్టుకోండి. కొత్త వరుసలో ఆరు భాగాలుంటాయి: డివైస్, మౌంట్ చేసే చోటు, ఫైల్‌సిస్టమ్ రకం, ఎంపికలు, ఆపై రెండు అంకెలు.

యూయూఐడీ=61720358-9134-4705-8926-304517829063 /బ్యాకప్ ఈఎక్స్‌టీ4 డిఫాల్ట్స్,నోఫెయిల్ 0 2

బ్లాక్‌ఐడీ యూయూఐడీ విలువను కొటేషన్ గుర్తుల్లో చూపిస్తుంది. ఇక్కడ రాసేటప్పుడు ఆ గుర్తులు అవసరం లేదు. నోఫెయిల్ అన్న ఎంపికను తేలికగా తీసుకోవద్దు. సిస్టమ్‌డీ (బూట్‌నూ సేవలనూ నడిపే ప్రోగ్రామ్) వాడే యంత్రాల్లో, ఆ ఎంపిక లేని డిస్కు బూట్ సమయంలో కనబడకపోతే, యంత్రం మామూలుగా 90 సెకన్లు ఎదురుచూసి, ఆపైన అత్యవసర షెల్‌లో ఆగిపోతుంది. దూరాన ఉన్న సర్వర్‌కు తీసిపెట్టే యూఎస్‌బీ డిస్కు విషయంలో అది ఎంత ఇబ్బందో వేరే చెప్పనక్కరలేదు. సిస్టమ్ అంతా ఉండే రూట్ ఫైల్‌సిస్టమ్ వంటి అత్యవసరమైనవాటికి మాత్రం నోఫెయిల్ పెట్టకండి.

ఫైల్‌ను భద్రపరిచాక వెంటనే రీబూట్ చేయకుండా, ఫైండ్‌మౌంట్ కమాండ్‌తో సరిచూడండి. ఇందులో మౌంట్ అన్న భాగానికి అక్షరాలు ఎమ్, ఎన్, టీ మాత్రమే. దానికి రెండు హైఫన్లు పెట్టి వెరిఫై అని ఇస్తే, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లోని ప్రతి వరుసనూ పరీక్షించి, దొరకని యూయూఐడీ ఉన్నా, లేని డైరెక్టరీ ఉన్నా, ఫైల్‌సిస్టమ్ రకం సరిపడకపోయినా చెబుతుంది. ఆ తర్వాత సిస్టమ్‌సీటీఎల్ డెమన్-రీలోడ్ నడిపి, సుడో మౌంట్ -ఏ ఇవ్వండి. తప్పు ఏదైనా ఉంటే బూట్‌లో కాక ఇక్కడే బయటపడుతుంది.

స్క్రిప్ట్‌లో వాడేటప్పుడు

స్క్రిప్ట్‌లో ఫైండ్‌ఎఫ్‌ఎస్ ఇచ్చిన జవాబును ఒక చరరాశిలో ఉంచుకుని, తర్వాతి కమాండ్‌కు ఆ చరరాశిని ఇవ్వడం మామూలు పద్ధతి. ఇందులోని ప్రమాదం ఏమిటంటే, గుర్తింపు దొరకనప్పుడు చరరాశి ఖాళీగా మిగిలిపోతుంది, స్క్రిప్ట్ మాత్రం ఏమీ జరగనట్టు ముందుకు సాగుతుంది. ఖాళీ విలువతో మౌంట్ కమాండ్ విఫలమై, ఆ వెనుక వచ్చే కాపీ కమాండ్ బ్యాకప్ డిస్కుకు బదులుగా రూట్ డిస్కు మీది ఖాళీ డైరెక్టరీలోకి గిగాబైట్ల కొద్దీ డేటాను పోస్తూ పోతుంది. అందువల్ల ఫైండ్‌ఎఫ్‌ఎస్ వరుస చివరే రెండు నిలువు గీతల గుర్తు పెట్టి, విఫలమైతే ఎగ్జిట్ 1తో ఆగిపోయేట్టు రాయండి. మౌంట్ చేశాక, ఆ డైరెక్టరీలో నిజంగా మీరు కోరిన ఫైల్‌సిస్టమే ఉందో లేదో ఫైండ్‌మౌంట్‌తో మరోసారి అడగండి. హైఫన్ ఎన్, హైఫన్ ఓ ఎంపికలతో యూయూఐడీ నిలువు వరుసను మాత్రమే కోరితే అది శీర్షిక లేకుండా ఆ విలువను ఇస్తుంది. దాన్ని మీ దగ్గరున్న యూయూఐడీతో పోల్చి, సరిపోతేనే కాపీ మొదలుపెట్టండి.

జవాబును ఫైల్‌లో దాచి రేపటి పరుగులో వాడుకోవడం మాత్రం చేయవద్దు. కెర్నల్ పేరు ఈ బూట్‌కే చెల్లుతుంది, యూఎస్‌బీ డిస్కు అయితే తీసి పెట్టేంతవరకే చెల్లుతుంది.

ఒకే యూయూఐడీ రెండు చోట్ల కనిపిస్తే

ఈ విషయం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. యూయూఐడీ ప్రపంచంలో ఒకే ఒక్కటి ఉంటుందన్న నమ్మకం అది సృష్టించబడినప్పటి వరకే నిజం. 122 యాదృచ్ఛిక బిట్లతో పుట్టిన సంఖ్య మరోచోట దానంతటది పుట్టడం ఆచరణలో జరగదు, కానీ నకలు తీస్తే నకలులో అదే ఉంటుంది. డీడీతో తీసిన క్లోన్, ఎల్‌వీఎమ్ (డిస్కు చోటును వాల్యూమ్‌లుగా పంచే వ్యవస్థ) స్నాప్‌షాట్, ఒకే మూలప్రతి నుంచి తయారుచేసిన వర్చువల్ డిస్కులు, ఇవన్నీ ఆ కోవలోవే. అలాంటి రెండు డిస్కులు ఒకేసారి తగిలించి ఉన్నప్పుడు బై-యూయూఐడీలోని లింకు ఒక్కదానివైపే చూపగలదు కనుక, ఫైండ్‌ఎఫ్‌ఎస్ కూడా ఏ హెచ్చరికా లేకుండా ఒక్క పేరే చెబుతుంది. అది అసలుదో నకలో చెప్పే మార్గం ఆ జవాబులో లేదు.

అనుమానం వచ్చినప్పుడు ఈ కమాండ్ నడపండి. హైఫన్ టీ ఎంపిక టాగ్ సరిపోయిన డివైస్‌లన్నిటినీ వెతుకుతుంది, డివైస్ అన్న మాట పేర్లను మాత్రమే చూపమని చెబుతుంది:

సుడో బ్లాక్‌ఐడీ -టీ యూయూఐడీ=61720358-9134-4705-8926-304517829063 -ఓ డివైస్

రెండు వరుసలు వస్తే వాటి మోడల్, సీరియల్ నంబర్లను ఎల్‌ఎస్‌బ్లాక్‌లో చూసి అసలుదేదో తేల్చుకుని, నకలుకు కొత్త గుర్తింపు ఇవ్వాలి. కింద చెప్పేవన్నీ ఫైల్‌సిస్టమ్ మౌంట్ కాకుండా ఉన్నప్పుడే చేయవలసిన పనులు. ఈఎక్స్‌టీ4కు ముందు ఈ2ఎఫ్‌ఎస్‌సీకే -ఎఫ్‌తో తనిఖీ చేసి, ట్యూన్2ఎఫ్‌ఎస్ కమాండ్‌కు పెద్ద అక్షరం యూ ఎంపికతో ర్యాండమ్ అన్న మాట ఇవ్వాలి. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కు ఎక్స్‌ఎఫ్‌ఎస్ అండర్‌స్కోర్ అడ్మిన్ అనే కమాండ్‌లో పెద్ద అక్షరం యూ ఎంపికతో జెనరేట్ అన్న మాట ఇవ్వాలి. బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌కు బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌ట్యూన్ -యూ ఉంది. జీపీటీ డిస్కు మొత్తాన్ని క్లోన్ చేసినట్లయితే పట్టికలోని గుర్తింపులు కూడా జంటలయి ఉంటాయి; ఎస్‌జీడిస్క్ కమాండ్‌కు పెద్ద అక్షరం జీ ఎంపిక ఇస్తే డిస్కుదీ, దాని పార్టిషన్లన్నిటివీ కొత్తవి వస్తాయి.

ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఈ విషయంలో జాగ్రత్తగా ఉంటుంది. అదే యూయూఐడీతో ఒకటి ఇప్పటికే మౌంట్ అయి ఉంటే రెండోదాన్ని మౌంట్ చేయడానికి ఒప్పుకోదు. నకలులోని కొన్ని ఫైళ్లు చూసుకుంటే చాలనుకుంటే నోయూయూఐడీ, ఆర్‌ఓ అనే మౌంట్ ఎంపికలతో పని జరుపుకోవచ్చు. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ సంగతి వేరు. అది డివైస్‌లను యూయూఐడీ ద్వారానే గుర్తుపడుతుంది కాబట్టి, అసలు, నకలు రెండూ ఒకే యంత్రానికి కనిపిస్తున్నప్పుడు మౌంట్ చేస్తే డేటా పాడయ్యే ప్రమాదం ఉంది. ఒకదాన్ని విప్పి పక్కన పెట్టాకే మరోదాన్ని ముట్టుకోండి.

అయితే ఒకే యూయూఐడీ అనేక డిస్కుల మీద ఉండడం అన్నిసార్లూ తప్పు కాదు. సాఫ్ట్‌వేర్ రెయిడ్‌లో (పలు డిస్కులను ఒకటిగా కలిపే పద్ధతిలో) సభ్యులైన డిస్కులన్నిటి మీదా ఆ రెయిడ్ సమూహపు యూయూఐడీ ఒకటే ఉంటుంది. పలు డిస్కుల మీద పరచిన బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌కూ అంతే. బ్లాక్‌ఐడీ చూపించే యూయూఐడీ_సబ్ అనే మరో విలువ వాటిని విడివిడిగా గుర్తిస్తుంది. అలాంటివాటికి గుర్తింపు మార్చబోతే సమూహమే విడిపోతుంది. కాబట్టి ఎఫ్‌ఎస్‌టైప్ వరుసలో లినక్స్_రెయిడ్_మెంబర్ అని ఉందేమో ముందు చూడండి.

దొరకనప్పుడు చూడవలసినవి

గుర్తింపు సరిగ్గానే ఉన్నా ఫైండ్‌ఎఫ్‌ఎస్ చేతులెత్తేసిందంటే, ఎక్కువసార్లు ఆ ఫైల్‌సిస్టమ్ ఇంకా మూత వేసి ఉన్న మరో పొర లోపల ఉంటుంది. లక్స్ గుప్తీకరణ చేసిన పార్టిషన్‌కు రెండు యూయూఐడీలు ఉంటాయి: ఒకటి బయటి లక్స్ శీర్షికది, రెండోది లోపలి ఫైల్‌సిస్టమ్‌ది. తాళం తీయకముందు మొదటిది మాత్రమే కనిపిస్తుంది. తాళం తీయవలసిన డిస్కులను నమోదు చేసే క్రిప్ట్‌ట్యాబ్ ఫైల్‌లో రాయవలసింది మొదటిదాన్ని, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో రాయవలసింది రెండోదాన్ని. వీటిని తారుమారు చేయడం చాలా తరచుగా జరిగే పొరపాటు. ఎల్‌వీఎమ్‌లో కూడా వాల్యూమ్ గ్రూపు క్రియాశీలం కాకముందు లోపలి ఫైల్‌సిస్టమ్ కనబడదు; ఫిజికల్ వాల్యూమ్‌కు కనిపించే గుర్తింపు 6, 4, 4, 4, 4, 4, 6 చొప్పున విడదీసిన వేరే రూపంలో ఉంటుంది కాబట్టి దాన్ని చూడగానే పోల్చుకోవచ్చు.

ఇప్పుడే ఫార్మాట్ చేసి లేదా లేబుల్ మార్చి ఉంటే, యూడెవ్ లింకులు ఇంకా నవీకరణ కాకపోయి ఉండవచ్చు. సుడో యూడెవ్‌ఏడీఎమ్ ట్రిగ్గర్ నడిపి, దాని వెంట యూడెవ్‌ఏడీఎమ్ సెటిల్ ఇచ్చి, పని పూర్తయ్యేదాకా ఆగండి. మారింది పార్టిషన్ పట్టిక అయితే పార్ట్‌ప్రోబ్ కమాండ్‌తో కెర్నల్ చేత దాన్ని మళ్లీ చదివించాలి.

బ్లాక్‌ఐడీ -పీ నిష్క్రమణ కోడ్ 8 ఇచ్చిందంటే, ఆ పార్టిషన్ మీద ఒకటికి మించిన ఫైల్‌సిస్టమ్ సంతకాలు ఉన్నాయనీ, ఏది అసలుదో తేలలేదనీ అర్థం. ఒకప్పుడు వేరే పనికి వాడిన డిస్కును సరిగ్గా తుడవకుండా మళ్లీ ఫార్మాట్ చేసినప్పుడు ఇలా జరుగుతుంది. వైప్‌ఎఫ్‌ఎస్ కమాండ్‌కు డివైస్ పేరు మాత్రమే ఇస్తే ఆ సంతకాలన్నిటినీ అవి ఉన్న స్థానాలతో సహా చూపిస్తుంది. కమాండ్ పేరు భయపెట్టినా, ఎంపికలేమీ లేకుండా అది దేన్నీ చెరపదు; హైఫన్ ఏ చేరిస్తే మాత్రం అన్నిటినీ చెరిపేస్తుంది.

చివరగా, బూట్ లోడర్ ఇచ్చే కెర్నల్ వరుసలో రూట్ ఫైల్‌సిస్టమ్‌ను సూచించేవారికి ఒక తేడా. రూట్=పార్ట్‌యూయూఐడీ అన్న రూపాన్ని కెర్నల్ తానే అర్థం చేసుకోగలదు, ఎందుకంటే పార్టిషన్ పట్టికను అది ఎలాగూ చదువుతుంది. రూట్=యూయూఐడీ అన్న రూపాన్ని అర్థం చేసుకోవాలంటే సూపర్‌బ్లాక్‌లను వెతికే ప్రోగ్రామ్ ఒకటి కావాలి, అది ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లో (బూట్ మొదట్లో మెమరీలోకి వచ్చే చిన్న ఫైల్‌సిస్టమ్‌లో) ఉంటుంది. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ లేకుండా బూట్ అయ్యే చిన్న బోర్డుల మీద యూయూఐడీ రాస్తే రూట్ దొరకలేదంటూ కెర్నల్ ప్యానిక్‌తో ఆగిపోతుంది. అక్కడ పార్ట్‌యూయూఐడీనే రాయండి, ఎంబీఆర్ కార్డు అయితే సంతకం వెనుక ఉన్న రెండంకెల పార్టిషన్ నంబరును మరిచిపోకండి.